పైన మెరుపు... కింద మరక!

ఆదివారం ఉదయం ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగినా ఒకటే సందడి. ఓ మూల బకెట్లు, గుడ్డలు, నురగ. ఇంకో మూల ‘ఈ ఆయిల్ మరక ఎవరి బండిది?’ అంటూ అసోసియేషన్ సెక్రటరీగారి పంచాయితీ. కారేమో పెళ్లికొడుకులా మెరిసిపోతుంటుంది. దాని పొట్టకింద మాత్రం అరచెయ్యంత నల్లటి మచ్చ. మెరుపు తగ్గిందనిపిస్తే గ్లేజ్ పూయిస్తాం. మరక పెరిగితే యాసిడ్ పోయిస్తాం. రెండూ చిటికెలో అయిపోయే పనులే. చిక్కల్లా ఒక్కటే... రెండు చోట్లా జరుగుతున్నది బాగుచేయడం కాదు, కనపడకుండా చేయడం. ఆ తేడా తెలియకపోతే డబ్బు దండగ. ఒక్కోసారి డబ్బుతో పోతే అదృష్టమే!

తుడిచేముందు చూడండి

నేలమీద జిడ్డు కనపడగానే చీపురూ సబ్బుపొడీ పట్టుకుని బయల్దేరడం మనకు అలవాటు. కాస్త ఆగండి. ఆ మరక మీ కారు తన ఒంట్లో బాగాలేదని చెప్పుకుంటున్న మాట. ముందు అది వినాలి.

రాత్రి కారు పెట్టాక ఇంజిన్ కింద, చక్రాల పక్కన తెల్లటి అట్టముక్కలు పరిచి ఉంచండి. పొద్దున్నే వాటిమీద పడిన చుక్కల రంగు, చోటు చూడండి. ముందుభాగంలో తేనెరంగులోనో నల్లగానో ఉంటే ఇంజిన్ ఆయిల్. కొత్త ఆయిల్ తేనెలా ఉంటుంది, వాడేకొద్దీ నల్లబడుతుంది. చిక్కగా, ముక్కుకి ఘాటుగా గంధకం వాసన కొడితే గేర్ ఆయిల్. ఎర్రగా ఉంటే పాత బళ్లలో పవర్ స్టీరింగ్ ఆయిల్ కావచ్చు. ఇప్పటి చిన్నకార్లలో ఎక్కువభాగం కరెంటు మోటారుతో పనిచేసే స్టీరింగులే కాబట్టి ఆ బెడద తగ్గింది. ఎండాకాలం ఏసీ వేసుకుని వచ్చాక బొట్లు బొట్లుగా కారేవి ఉత్త నీళ్లే, వాటికి కంగారు అక్కర్లేదు.

ఆకుపచ్చ, గులాబీ, నారింజ... ఇలా ముచ్చటైన రంగులో, కాస్త తియ్యటి వాసనతో ఉంటే అది కూలెంట్. ఇంజిన్ వేడెక్కి నడిరోడ్డుమీద మొరాయించబోతోందనడానికి తొలి హెచ్చరిక అదే. ఇందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ రుచికి తియ్యగా ఉంటుంది, కానీ విషం. సెల్లార్‌లో తిరిగే కుక్కలూ పిల్లులూ దాన్ని నాకితే మూత్రపిండాలు పాడై చనిపోతాయి. అక్కడే బంతాట ఆడుకునే పిల్లల సంగతి వేరే చెప్పాలా? ఈ మరకను మాత్రం చూసిన వెంటనే కడిగేయాల్సిందే.

ఇక అన్నిటికన్నా భయపడాల్సింది చూడ్డానికి ఏమాత్రం భయం కలిగించదు. నీళ్లలా పల్చగా, లేత పసుపురంగులో, ముట్టుకుంటే జారుతూ చక్రం దగ్గర కనిపిస్తుంది. అలాంటిది కనిపిస్తే కారు తాళాలు తిరిగి ఇంట్లో పెట్టేయండి. అది బ్రేక్ ఆయిల్ కావచ్చు. మెకానిక్కునే ఇంటికి పిలిపించుకోవాలి తప్ప ‘నెమ్మదిగా షెడ్డు దాకా తీసుకెళ్దాం’ అనుకోకూడదు. ఈ బ్రేక్ ఆయిల్‌కి ఇంకో గుణం కూడా ఉంది. పెయింట్‌మీద పడితే దాన్ని మెత్తబరిచి ఊడదీస్తుంది. పొరపాటున చిందితే తుడుస్తూ కూర్చోకుండా వెంటనే నీళ్లు గుమ్మరించాలి.

ఇంజిన్ ఆయిల్ కారడానికి చాలాసార్లు కారణం చిన్నదే అయివుంటుంది. సర్వీసింగ్‌లో ఆయిల్ మార్చినప్పుడు డ్రెయిన్ ప్లగ్ వాషర్ పాతదే వేసేయడం, ఫిల్టర్ సరిగ్గా బిగించకపోవడం, ఏళ్లు గడిచి టాపెట్ కవర్ ప్యాకింగ్ గట్టిపడి పగలడం... ఇలాంటివి. ‘చిన్న లీకే, పోసుకుంటూ తిరగండి’ అనే సలహా మాత్రం ఖరీదైంది. డిప్‌స్టిక్ తీసి చూసుకునే అలవాటు ఎంతమందికి ఉంది కనుక? డాష్‌బోర్డుమీద నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగేదాకా తెలియదు. ఆ లైటు వెలిగితే ఇల్లు రెండు వీధుల దూరంలో ఉన్నా సరే, బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. లేదంటే ప్యాకింగ్‌తో పోయే ఖర్చు ఇంజిన్ బోరు దాకా వెళ్తుంది.

వత్తి నూనె తాగినట్టు...

లీకు ఆగింది. ఇప్పుడు మరక సంగతి. సిమెంటు నేల చూడ్డానికి రాయిలా ఉంటుంది కానీ దాన్నిండా కంటికి కనపడని సన్నటి రంధ్రాలు. ప్రమిదలో వత్తి నూనె పీల్చుకున్నట్టే నేల కూడా ఆయిల్‌ని లోపలికి లాక్కుంటుంది. పైన ఎంత రుద్దినా మర్నాటికి నీడలా మళ్లీ తేలేది అందుకే. ఇప్పుడు పార్కింగుల్లో వేస్తున్న సిమెంటు టైల్సూ, ఇంటర్‌లాకింగ్ ఇటుకలూ అంతే. గట్టి విట్రిఫైడ్ టైల్స్ అయితే నయం, వాటి మధ్యనున్న సందులే నూనె తాగుతాయి.

తాజాగా పడిన ఆయిల్‌మీద నీళ్లు పోయకూడదు, గుడ్డతో రుద్దకూడదు. రెండింటివల్లా అరచెయ్యంత మరక చాపంత అవుతుంది. దానిమీద రంపపుపొట్టో, పొడి సిమెంటో, ముల్తానీ మట్టో దట్టంగా చల్లండి. పొట్టు కావాలంటే ఏ వడ్రంగి దుకాణంలో అడిగినా ఇస్తారు. చెప్పుకాలితో కాస్త అదిమి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే ఊడ్చి కవర్‌లోకి ఎత్తేయండి. ఇంకా తడి ఉంటే మరోసారి. తాజా మరక చాలామటుకు ఇంతటితోనే పోతుంది.

పాతబడిన మరక అంత తేలిగ్గా లొంగదు. వంటింటి జిడ్డుకీ దీనికీ తేడా ఉంది మరి. వంటనూనె, నెయ్యి లాంటివి ఘాటైన సోడా తగిలితే సబ్బుగా మారి కొట్టుకుపోతాయి. ఇంజిన్ ఆయిల్ భూమిలోంచి తీసిన ముడిచమురు సంతతి. అది సబ్బుగా మారదు. దాన్ని సన్నటి బిందువులుగా విడగొట్టి నీళ్లలో తేలేలా చేయడమొక్కటే దారి. గిన్నెలు తోమే లిక్విడ్ చేసేది సరిగ్గా అదే. దాని అణువుకి ఒక కొస నూనెను పట్టుకుంటుంది, రెండో కొస నీటిని పట్టుకుంటుంది. కుంకుడు రసం నురగ వెనకున్న కిటుకూ ఇదే, కాకపోతే తలకంటుకున్న ఆముదాన్ని వదిలించినంత సులువుగా ఇంజిన్ ఆయిల్‌ని వదిలించలేదు. వేడినీళ్లలో డిష్‌వాష్ లిక్విడ్, కాస్త వాషింగ్ సోడా కలిపి మరకమీద పోసి పావుగంట నాననివ్వండి. ఆ తర్వాత గట్టి నైలాన్ బ్రష్‌తో రుద్దండి. ఇనుప బ్రష్ వద్దు. తెగిన తీగముక్కలు నేలలో ఇరుక్కుని తుప్పుమరకలు తెచ్చిపెడతాయి.

అప్పటికీ నీడ మిగిలితే పట్టు వేయాలి. బెణికిన కాలికి పట్టు వేసినట్టే! ముల్తానీ మట్టిని అదే సబ్బు ద్రావణంతో చిక్కటి ముద్దలా కలిపి మరకమీద పావు అంగుళం మందాన పరిచి, పైన పాలిథిన్ కవర్ కప్పి, అంచులు టేపుతో అంటించి ఒక రోజు వదిలేయాలి. తర్వాత కవర్ తీసి ముద్దను పూర్తిగా ఆరనివ్వాలి. అసలు పని జరిగేది ఆ ఆరేటప్పుడే... లోపలి నూనె తడితోపాటు పైకొచ్చి మట్టిలోకి ఎక్కుతుంది. ఆరాక గీకేసి, అవసరమైతే మళ్లీ వేయాలి. ఏళ్లనాటి మరకైతే ఎన్ని పట్లు వేసినా లేత మచ్చ మిగలొచ్చు. కొత్తనేలలా అయిపోతుందని ఎవరైనా మాటిస్తే నమ్మనక్కర్లేదు.

యాసిడ్ పోసి ఏం సాధిస్తాం?

బాత్‌రూమ్‌లు కడిగే యాసిడ్ తెచ్చి పోయడం మన దగ్గర చాలా మామూలు. బుసబుసా పొంగుతుంది కాబట్టి మురికంతా పోతోందని సంబరం. నిజానికి ఆ యాసిడ్ నూనెను ముట్టుకోదు. పొంగుతున్నది మన నేల! తాండూరు బండలు, షాబాదు బండలు, కడప రాళ్లు, బేతంచెర్ల రాళ్లు... ఇవన్నీ సున్నపురాళ్లే. యాసిడ్ తగలగానే పైపొర కరిగిపోయి నునుపు పోతుంది, తెల్లగా పాలిపోతుంది. సిమెంటుదీ అదే కథ. గరుకుబారిన నేల తర్వాత పడే నూనెను ఇంకా ఇష్టంగా తాగుతుంది. గాలి ఆడని సెల్లార్‌లో ఆ పొగలు చుట్టుపక్కల బళ్ల ఇనుప భాగాలకు తుప్పు పట్టిస్తాయి. ఇక యాసిడ్ పోసిన చోటే బ్లీచింగ్ పౌడర్ చల్లితే పుట్టేది క్లోరిన్ వాయువు. అది ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది.

పెట్రోలు, కిరోసిన్‌లతో కడగడం ఇంకో పెద్ద సాహసం. నూనెను నూనె కరిగిస్తుందన్న లెక్క తప్పేం కాదు. కానీ పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైంది. పైకిపోకుండా నేలబారుగా సెల్లార్ అంతా పాకుతుంది. ఆ పక్కనే మోటార్ స్టార్టర్, కరెంటు మీటర్ల బోర్డు. చిన్న నిప్పురవ్వ చాలు. పైన ఎన్ని కుటుంబాలు ఉంటాయో గుర్తుచేసుకుంటే ఆ సీసా చేతిలోంచి దించేస్తాం.

అసలు ఎక్కువమంది పట్టించుకోని విషయం మరొకటుంది. కడిగిన నీళ్లు ఎటు పోతున్నాయి? చాలా అపార్ట్‌మెంట్లలో పార్కింగ్ పక్కనే ఇంకుడుగుంత, దాని పక్కనే బోరు. నూనె, సబ్బు కలిసిన నీళ్లను పైపుతో అటు తోసేస్తే మనం తాగే నీళ్లలోకి మనమే దారి వేసినట్టు. ఒక్క కారునుంచి ఒకసారి తీసిన పాత ఆయిల్ 10 లక్షల గ్యాలన్ల, అంటే దాదాపు 38 లక్షల లీటర్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ హెచ్చరిస్తోంది. మన దేశంలోనూ 2016 నాటి నిబంధనల ప్రకారం వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థమే. అందుకే ముందు పొట్టుతో పీల్చేసి ఎత్తడం, ఆఖర్న తక్కువ నీటితో కడిగి ఆ నీటిని డ్రైనేజీలోకి పంపడం. ఇంకుడుగుంత మూతమీద ఆ కాసేపూ పాత గోనెసంచి కప్పితే సరి. ఇంట్లోనే ఆయిల్ మార్చుకునేవాళ్లు పాత ఆయిల్‌ని డబ్బాలో పట్టి సర్వీసింగ్ సెంటర్‌లో ఇచ్చేయడం మేలు.

చమురును తినేసే సూక్ష్మజీవులున్న పొడులు కూడా మార్కెట్లో ఉన్నాయి. ఇది మాయేం కాదు. మన దేశంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన శాస్త్రవేత్త ఆనంద మోహన్ చక్రవర్తి ముడిచమురును జీర్ణం చేసుకునే బ్యాక్టీరియాను ప్రయోగశాలలో రూపొందించారు. 1980లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని పేటెంటుకు అర్హమైనదేనని తేల్చడంతో జీవసాంకేతిక రంగమే మలుపు తిరిగింది. అంగట్లో దొరికే పొడుల్లో ఉండేవి మామూలుగా ప్రకృతిలో ఉండే బ్యాక్టీరియాలే. పని చేస్తాయి కానీ తడి ఆరకుండా చూసుకుంటూ రోజులు, వారాలు ఓపిక పట్టాలి. సాయంత్రానికి చుట్టాలొస్తున్నారంటే పనికిరావు!

వెంట్రుకంత కూడా లేని అందం

ఇక కారు పైకి వద్దాం. మనం చూసి మురిసిపోయే రంగు మొత్తం మందం సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు. రేకుమీద తుప్పు పట్టకుండా ఓ పూత, దానిమీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికన్నా పైన పారదర్శకంగా ఉండే క్లియర్‌కోట్. ఎండనుంచి రంగును కాపాడేదీ, మెరుపునిచ్చేదీ ఈ ఆఖరిపొరే. దాని మందం 35 నుంచి 50 మైక్రాన్లు. మన తలవెంట్రుకే 50 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది. అంటే వేలకు వేలు పోసి కాపాడుకునే ఆ తళతళ చాలా కార్లలో ఓ వెంట్రుక మందం కూడా ఉండదన్నమాట.

దీనిమీద రోజూ పొద్దున్నే దుమ్ముపట్టిన కారును పొడిగుడ్డతో తుడవడం, లేదంటే పది కార్లు తుడిచిన అదే బకెట్ నీళ్లలో ముంచిన గుడ్డతో రుద్దడం! దుమ్మంటే సన్నటి ఇసుకే కదా. గుడ్డకి అంటుకుని గరుకు కాగితంలా గీకుతుంది. ఎండలో కారును ఓ పక్కనుంచి చూస్తే సాలెగూడులా గుండ్రంగా సన్నటి గీతలు కనిపించేది అందుకే. నల్లకారు కొన్నవాళ్లకి ఆ బాధ బాగా తెలుసు.

ఆ గీతల దగ్గరే గ్లేజ్ రంగప్రవేశం. గోడకి రంగేసేముందు గుంటల్లో లప్పం పెడతారే... అచ్చం అలాగే గ్లేజ్‌లోని నూనెలు, మెత్తటి పొడులు సన్నగీతల్లో నిండి పైభాగాన్ని చదునుగా కనిపించేలా చేస్తాయి. వెలుతురు చెల్లాచెదురు కాకుండా సూటిగా తిరిగి కంటికొస్తుంది. దాంతో రంగు లోతుగా, తడిగా ఉన్నట్టు నిగనిగలాడుతుంది. చూడముచ్చటగా ఉంటుందన్నది నిజం. కానీ ఈ లప్పం గట్టిపడేది కాదు. నాలుగుసార్లు కడిగితేనో, రెండు గట్టి వానలు పడితేనో కరిగిపోతుంది. గీతలు ఎక్కడివక్కడే! పైగా గ్లేజ్‌కి ఎండనుంచి కాపాడే శక్తి ఉండదు. అందుకే దానిమీద వ్యాక్స్ వేస్తారు. సింథటిక్ సీలెంట్, సెరామిక్ కోటింగ్ లాంటివి వేయించుకోదలిస్తే మాత్రం గ్లేజ్ జోలికే పోకూడదు. అవి శుభ్రమైన పెయింట్‌ని నేరుగా పట్టుకోవాలి. మధ్యలో నూనె ఉంటే పట్టు దొరకదు.

గీతలు నిజంగా పోవాలంటే కాంపౌండ్‌తో, పాలిష్‌తో మెషీన్ పెట్టి బఫింగ్ చేయాలి. అది గీతను తీయదు, గీత అడుగుదాకా చుట్టూ ఉన్న పొరను అరగదీస్తుంది. ఒక్కోసారి కొన్ని మైక్రాన్లు. ఏటా దీపావళికి ఇల్లు దులిపినట్టు కారుకి బఫింగ్ చేయిస్తూపోతే కొన్నేళ్లకు టాప్‌మీద, బానెట్‌మీద తెల్లటి పొక్కులు లేస్తాయి. అప్పుడు మళ్లీ పెయింటింగ్ తప్ప దారి లేదు. కాబట్టి ఎండలో నిలబడి వెతికితే తప్ప కనపడని గీతలకి గ్లేజ్ వేసి ఊరుకోవడమే తెలివైన పని. దాన్ని అలంకారంగా చూసినంతవరకూ గ్లేజ్‌తో పేచీ లేదు. పెళ్లికో పేరంటానికో వెళ్లేముందు వేసుకునే పౌడర్ అది.

నిజానికి ఈ పాలిష్‌ల పుట్టిల్లు కార్ల షెడ్డు కాదు, చెక్కసామాను. 1901లో అమెరికాలో ఫ్రాంక్ మెగ్వయర్ అనే ఆయన ఫర్నిచర్ పాలిష్‌తో మొదలుపెట్టిన వ్యాపారం తర్వాత కార్లవైపు మళ్లింది. అప్పటి కార్లకు గుర్రపుబగ్గీలకు వేసే వార్నిష్‌లే వేసేవారు మరి. 1920ల్లో డ్యుపాంట్, జనరల్ మోటార్స్ కలిసి డ్యూకో అనే త్వరగా ఆరే రంగును తెచ్చేదాకా కారు పెయింటింగ్‌కి వారాలు పట్టేది. ఆ డ్యూకో మాట మన పెయింటర్ల నోళ్లలో ఇప్పటికీ నలుగుతోంది. అంబాసిడర్, పద్మినీల కాలంలో పాలిష్ పట్టిస్తే గుడ్డకి కారు రంగు అంటుకునేది. ఇప్పుడు అంటుకోవడం లేదు కదా, అరగడం లేదనుకుంటే పొరపాటు. అరిగేది రంగులేని పొర!

వ్యాక్స్‌లలో పేరున్నది కార్నూబా. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఓ తాటిజాతి చెట్టు తన ఆకుల తడి ఆవిరైపోకుండా వాటిమీద ఈ మైనాన్ని పూసుకుంటుంది. దాన్ని దులిపి, కరిగించి కార్లకు వాడతారు. వారాలనుంచి ఒకటిరెండు నెలలవరకూ ఉంటుంది. టెఫ్లాన్ కోటింగ్ పేరు మాత్రం మన షోరూముల్లో మార్మోగిపోతుంటుంది. పెనంమీద టెఫ్లాన్ కరుచుకుని ఉండేది దాన్ని విపరీతమైన వేడిలో కాల్చడంవల్ల. ఆ పదార్థం కరిగేదే 327 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర. రోళ్లు పగిలే రోహిణికార్తెలో కూడా మన బానెట్ అందులో మూడోవంతు వేడెక్కదు. కాబట్టి చేత్తో రుద్దిన పూత పెనంమీద పూతలా నిలుస్తుందనుకోవద్దు.

కొనేముందు టార్చి వేయండి

గ్లేజ్‌తో అసలు నష్టపోయేది సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లు. అమ్మకానికి పెట్టేముందు గ్లేజ్ కొట్టించడం ఈ వ్యాపారంలో మామూలే. నీడలో, ట్యూబ్‌లైట్ల కింద కారు కొత్తదానిలా వెలిగిపోతుంది. ఇంటికి తెచ్చుకుని మూడుసార్లు కడిగేసరికి పైన పటారం కాస్తా దిగిపోతుంది. అందుకే కారును ఎండలో చూపించమనండి. కుదరకపోతే సెల్‌ఫోన్ టార్చిని పెయింట్‌కి ఏటవాలుగా పట్టి చూడండి. ఇంకా అనుమానముంటే యజమాని అనుమతితో సగానికి సగం నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని మెత్తటి గుడ్డకి అద్ది ఓ మూల నెమ్మదిగా తుడవండి. మందుల షాపులో దొరుకుతుంది. కింద గ్లేజ్ ఉంటే ఆ ముక్క ఒక్కటే గీతలతో బయటపడుతుంది. పనిలోపనిగా వంగి కింద కూడా చూడండి. నీళ్లతో ఫ్రెష్‌గా కడిగిన ఇంజిన్, కారు నిలబెట్టిన చోట అప్పుడే చల్లిన ఇసుక కనిపిస్తే కాస్త జాగ్రత్తపడాల్సిందే. టెస్ట్‌డ్రైవ్ ముగించి ఇంజిన్ ఆడుతుండగానే అరగంట కబుర్లు చెప్పండి. చుక్కలు పడేదుంటే ఈలోపు పడతాయి.

సొంత కారు ఉన్నవాళ్లకి గ్లేజ్ అవసరం రాకుండా చూసుకోవడమే చవక. నీడలో పెట్టి, ముందు నీళ్లతో దుమ్ము జారగొట్టి, తర్వాతే గుడ్డ తాకించాలి. బకెట్లు రెండు ఉండాలి... ఒకటి షాంపూకి, రెండోది గుడ్డ జాడించుకోడానికి. నేలమీద అంత బాగా పనిచేసిన డిష్‌వాష్ లిక్విడ్‌ని కారుమీదికి మాత్రం రానివ్వొద్దు. జిడ్డును వదిలించడమే దాని పని కాబట్టి వేసిన వ్యాక్స్‌ని కూడా వదిలించేస్తుంది. బోరునీళ్లతో కడిగితే వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో తడి అద్దేయాలి. ఎండకి ఆరనిస్తే నీటిలోని ఉప్పు తెల్లటి చుక్కలై కూర్చుంటుంది. పావురాల రెట్టను గోటితో గీకకుండా తడిగుడ్డ కాసేపు వేసి నాననిచ్చి ఎత్తాలి.

యాక్సిడెంటై డెంటింగ్, పెయింటింగ్ చేయించిన కారుకైతే మరో జాగ్రత్త. కొత్త పెయింట్‌లోంచి ద్రావకాలు కొన్ని వారాలపాటు బయటికి పోతూ ఉంటాయి. అప్పుడే వ్యాక్స్ వేసి వాటి దారి మూసేయకూడదు. ఎన్నాళ్లు ఆగాలో పెయింటర్‌నే అడగాలి. ఆ ఖాళీలో వాడేందుకే సిలికాన్, మైనం లేని గ్లేజ్‌లు ప్రత్యేకంగా ఉన్నాయి.

దసరాకి ఆయుధపూజ చేసి బానెట్‌మీద పసుపు, కుంకుమతో స్వస్తిక్ దిద్దడం మన ఇళ్లలో ఉన్నదే. మర్నాడు ఆ ఎండిన పసుపును పొడిగుడ్డతో గట్టిగా రుద్దేవాళ్లే ఎక్కువ. పసుపు రంగు ఎండకి దానంతటదే వెలిసిపోతుంది. రుద్దడంవల్ల పడిన గీత పోదు. నీళ్లు పోసి నాననిచ్చి తీయండి, లేదంటే ఈసారి బొట్టు ముందు అద్దంమీద పెట్టండి.